పిలుపులో దీర్ఘం

అక్టోబరు ఇరవై ఒకటి, మంగళవారం. ఆ మధ్యాహ్నం మేం తిన్నది ఉడికించిన గుడ్లు, మిరియాల పొడి చల్లిన బంగాళాదుంపలు, ఒక వైపు మాడిన బ్రెడ్డు. మాడిన వైపు కనపడకుండా కిందికి తిప్పి పెట్టాను. మా అమ్మాయి దాన్ని పైకి తిప్పి చూసింది. ఏమీ అనకుండా మళ్ళీ కిందికి తిప్పి తినేసింది. వాళ్ళమ్మ అయితే ఆ బ్రెడ్డు మీద చిన్న ఉపన్యాసం ఇచ్చి ఉండేది. మాట అనకుండా తినేసే మనిషి ఎదురుగా కూర్చుని ఉండటం కూడా ఒక భాగ్యమే అనుకున్నాను.

మా ఇంటి నుంచి రెండు మలుపులు తిరిగితే పళ్ళ గిడ్డంగి వస్తుంది. కోతల కాలంలో ఆపిల్ పళ్ళు తెచ్చి అక్కడి గదుల్లో పెడితే ఆరేడు నెలల తర్వాత కూడా నిన్న కోసినట్టే ఉంటాయి. దానికి చల్లదనం ఒక్కటే చాలదు. గదిలో ఆక్సిజన్ బాగా తగ్గించి, ఆ చోటంతా నైట్రోజన్‌తో నింపాలి. పళ్ళు కూడా ఊపిరి పీలుస్తాయి. ఆ ఊపిరిని సన్నం చేస్తే వాటికి వయసు మీద పడదు. మనిషికి మాత్రం ఆ గాలి మృత్యువే. వాసన ఉండదు, దగ్గు రాదు, కళ్ళు మండవు. మనిషి తను బాగానే ఉన్నాననుకుంటూనే కూలిపోతాడు. పనిలో చేరిన ప్రతివాళ్ళకీ మొదటి రోజే ఈ సంగతి చెబుతారు. కూలినవాణ్ణి బయటికి లాగుదామని వెళ్ళి, వాడి పక్కనే కూలిపోయినవాళ్ళ గురించి కూడా చెబుతారు.

ఆ గదుల్ని నడిపే ప్రోగ్రాం రాసింది నేనూ మా ఆవిడా. నేను రాసింది పెద్దది. దాన్ని కంపైల్ చేసి, అంటే మెషిను భాషలోకి మార్చి, గిడ్డంగిలోని ఇనప పెట్టెలో ఎక్కించేస్తే ఇక శిలాశాసనమే. ఒక్క అక్షరం మార్చాలన్నా గదులన్నీ నిలిపి, మళ్ళీ కంపైల్ చేసి, కొత్తది ఎక్కించాలి. మా ఆవిడ రాసింది స్క్రిప్టు. ఏ పండుకి ఎంత గాలి, ఫాను ఎప్పుడు తిరగాలి, మనిషి లోపలికి వెళితే ఏం చెయ్యాలి, ఇలాంటి నియమాలన్నీ అందులో ఉంటాయి. అది పలక మీద రాత లాంటిది. చెరిపి కొత్తగా రాస్తే ఆ క్షణం నుంచే కొత్త రాత అమల్లోకి వస్తుంది.

శిలాశాసనానికి సొంతంగా ఏమీ తెలియదు. అవసరం వచ్చినప్పుడల్లా పలకలో ఒక్కో నియమం రాసి ఉన్న ఫంక్షన్‌ని పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పేరు గల ఫంక్షన్ ఉంటే అది పలికి, ఏం చెయ్యాలో చెబుతుంది. లేకపోతే, ఈ గదికి ఆ నియమం అక్కర్లేదు కాబోలు అనుకుని ప్రోగ్రాం తన దారిన తాను పోతుంది. అన్ని గదులకీ అన్ని నియమాలూ ఉండవు గనక ఆ పద్ధతే సబబని అందరికీ తోచింది.

ఫంక్షన్లకి పేర్లు పెట్టింది మా ఆవిడే, అన్నీ తెలుగు మాటలు. "ఇంగ్లీషు పేర్లన్నీ ఎవరో ఒకరు వాడేసిన ఎంగిలి పేర్లండీ. మన మాటల జోలికి ఎవరూ రారు" అనేది. నైట్రోజన్ వదలడానికి వదులు. బయటి గాలి కలపడానికి కలుపు. ఫానుకి తిరుగు. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది ఆపు. లోపలికి వెళ్ళేవాళ్ళు తలుపు పక్కనున్న తాళంచెవి తిప్పుతారు. అప్పుడు ప్రోగ్రాం ఆపుని పిలుస్తుంది. వాళ్ళు బయటికి వచ్చేదాకా నైట్రోజన్ రాకుండా పట్టి ఉంచేది ఆపే.

ఈ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి కదా. ఆపు మొదట్లో ఆవిడ రెండు 'ఏ'లు పెట్టింది. ఒకటి చాలదా అన్నాను.

"దీర్ఘం మింగేస్తే అది అపు అవుతుంది. అపు అంటే ఏంటండీ, అప్పు చేసి ఒత్తు ఎగ్గొట్టారా?" అంది. "అయినా తెలుగులో పిలుపంటేనే దీర్ఘం. అక్క అని పిలుస్తామా, అక్కా అంటాం. పొట్టిగా పిలిస్తే ఎవరు పలుకుతారు?"

మా అమ్మాయి ముద్దుపేరు పిట్ట. దాన్ని వాళ్ళమ్మ పిలిస్తే ఆ చివరి దీర్ఘం వీధి మలుపు దాకా వెళ్ళేది. ఎక్కడ ఆడుకుంటున్నా అంతే పొడుగున "ఆఁ" అని జవాబొచ్చేది. పిట్ట కొంచెం, కూత ఘనం అని ఇరుగుపొరుగువాళ్ళు నవ్వేవాళ్ళు.

ఆవిడ పోయి మూడేళ్ళయింది. నేను ఉద్యోగం మానేశాను. ఇప్పుడు శిలాశాసనమూ పలకా రెండూ పిట్ట చేతిలోనే ఉన్నాయి.

"నాన్నా, అమ్మ పెట్టిన రెండో ఏ తీసేశాను," అంది ఆ మధ్యాహ్నం, బంగాళాదుంప నములుతూ.

"ఎందులోది?"

"ఆపులోది. మిగతావాటిలో దీర్ఘాల్లేవుగా. నా వేళ్ళకి ఒకటే అలవాటు. కొత్త గదులకి రాసిన ప్రతిసారీ ఒక ఏ మింగెయ్యడం, అది పలక్కపోవడం, నేను తల గోక్కోవడం. మెసేజిలో ఎవరైనా రెండు ఏలు కొడతారా?"

"మీ అమ్మ కొట్టేది."

"అమ్మ మెసేజిలో కామాలు కూడా పెట్టేది నాన్నా. చివర్లో సంతకం పెట్టకపోవడమే తక్కువ."

నవ్వాను. "మరి రెండు వైపులా మార్చావా?"

"మార్చకుండా ఉంటానా? స్క్రిప్టులో మార్చాను, నీ శిలాశాసనంలోనూ మార్చాను. నా బల్ల మీద రెండూ కలిపి నడిపి చూశాను. చక్కగా పలుకుతోంది. స్క్రిప్టు పొద్దున్నే ఎక్కించేశా. పెద్దది రేపు ఎక్కిస్తారట, గదులు నిలపాలిగా."

"మంచిది," అన్నాను. ఉప్పు గిన్నె దాని వైపు జరిపాను.

"నాలుగో గదిలో ఆక్సిజన్ కొలిచే సెన్సరు పాడైంది. ఎప్పుడు చూసినా గదినిండా మామూలు గాలే ఉందంటోంది. పొద్దుటి నుంచి తలుపు బార్లా తీయించి గాలి పోయించాను. ఇప్పుడు వెళ్ళి మార్చేసి వస్తా. బయట గడియ బాబాయ్ కాపలా ఉంటానన్నాడు."

గడియగారంటే గిడ్డంగి తలుపుల మనిషి. బరువైన ఆ తలుపులు తీయడం, వేయడం, రబ్బరు అంచులు చూసుకోవడం ఆయన పని. పళ్ళు వేడెక్కిపోతాయని ఆయనకి ఎప్పుడూ బెంగ. తలుపు రెండు నిమిషాలు తెరిచి ఉందంటే ఇంట్లో దొంగలు పడ్డట్టు చూస్తాడు. "ఆయనకి తెలిసిన గడియ తలుపు గడియ ఒక్కటే. టైము గడియ సంగతి ఆయనకి తెలీదు," అనేది మా ఆవిడ, ఆయన ఆలస్యంగా భోజనానికి వచ్చినప్పుడల్లా.

పిట్ట లేచింది. పళ్ళెంలో సగం గుడ్డు మిగిలింది.

"అది పారెయ్యకు. వచ్చాక తింటా," అంటూ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూనే వెళ్ళిపోయింది.

పళ్ళాలు కడగడానికి నిలబడ్డాను. సగం గుడ్డు మీద గిన్నె బోర్లించాను. కిటికీలోంచి ఎండ సబ్బు నీళ్ళ మీద పడుతోంది. పీచు కనపడలేదు.

"ఏమోయ్, పీచు ఎక్కడ పెట్టావ్?" అన్నాను.

మూడేళ్ళయినా ఈ అలవాటు పోలేదు. పిలుస్తాను. ఎవరూ పలకరు. ఒక్క క్షణం చూసి, ఆవిడ లేదు కదా అని గుర్తొచ్చి, నా పని నేను చేసుకుంటూ పోతాను. ఆ రోజూ అంతే. పీచు నీళ్ళ అడుగునే ఉంది. తీసుకుని పళ్ళెం తోమబోయాను.

నా చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది.

పిలుస్తుంది. ఎవరూ పలకరు. తన దారిన తాను పోతుంది.

స్క్రిప్టు పొద్దున్నే ఎక్కించేశా. పెద్దది రేపు. ఈ రెండు మాటలూ అది నా ఎదురుగానే అంది. నేను ఉప్పు జరిపాను. దాని బల్ల మీద రెండూ కొత్తవే, అందుకే పలికింది. గిడ్డంగిలో పలక కొత్తది, శిలాశాసనం పాతది. పాతది ఈ రోజు కూడా రెండు ఏలతోనే ఆపు అని పిలుస్తుంది. పలకలో ఇప్పుడు ఉన్నది ఒక్క ఏ. పలికేవాళ్ళు లేరు. మనిషి లోపల ఉన్నాడని తాళంచెవి తిప్పినా ఎర్రదీపం వెలుగుతుందే తప్ప గ్యాసు ఆగదు. ఇక సెన్సరేమో గదినిండా మామూలు గాలే ఉందని అబద్ధం చెబుతోంది. మామూలు గాలి ఉంటే ప్రోగ్రాం ఏం చేస్తుంది? వదులుని పిలుస్తుంది. వదులులో దీర్ఘం లేదు. అది పలుకుతుంది.

తలుపు తెరిచి ఉంటే ఫరవాలేదు. తలుపు తెరిస్తే నైట్రోజన్ దానంతటదే ఆగేలా కరెంటు తీగతోనే కలిపి పెట్టారు, దానికి ప్రోగ్రాంతో పని లేదు. తలుపు మూస్తేనే భయం. తలుపు దగ్గర ఉన్నదెవరు? పళ్ళు వేడెక్కుతాయని బెంగ పెట్టుకునే మనిషి.

అప్పుడు గట్టు మీద ఆకుపచ్చ దీపం మినుకుమనడం చూశాను. ఆక్సిజన్ కొలిచే చేతి మీటరు. గదిలోకి వెళ్ళేవాళ్ళు జేబుకి తగిలించుకునేది. ఆఫీసులో చార్జరు చెడిపోయిందని పిట్ట నిన్న ఇంటికి తెచ్చింది. మా వంటింటి గట్టు మీద, నిండుగా చార్జయి, హాయిగా మినుకుమంటోంది.

తడిచేత్తోనే ఫోన్ తీసి పిట్టకి చేశాను. అందుబాటులో లేదంది. ఆ గదుల గోడల్లోంచి ఫోను పోదని నాకు తెలుసు, అయినా చేశాను. గడియగారికి చేశాను. మాట్లాడుతున్నారంది. మీటరు పట్టుకుని, తలుపు వేశానో లేదో చూసుకోకుండా వీధిలోకి వచ్చాను. నడుస్తూనే గేటు దగ్గరి కాపలాదారుకి చేశాను. అతన్ని అందరూ రేడియో అంటారు. ఎత్తితే ఆగడు.

"సార్, ఎన్నాళ్ళయింది మీ గొంతు విని. మోకాలు ఎలా ఉంది?"

"రేడియో, నాలుగో గది తలుపు తీయించు. ఇప్పుడే."

"నాలుగా? అది ఇందాకే వేశారు సార్. పొద్దుటి నుంచి తీసి ఉంచితే పళ్ళకి చెమటలు పడుతున్నాయని గడియగారు ఒకటే గోల. అమ్మాయిగారు లోపలికి వెళ్ళగానే వేసేశారు. అమ్మాయిగారే వెయ్యమన్నారులెండి."

అడుగు జోరు పెంచాను. "పరిగెత్తు. తలుపు తీయమను. లోపలికి గ్యాసు వస్తోంది."

"గ్యాసెలా వస్తుంది సార్, తాళం తిప్పారుగా. నేను చూశాను, ఎర్రదీపం కూడా వెలిగింది. ఉండండుండండి, లారీ వచ్చింది, గేటుకి అడ్డంగా పెట్టేశాడు..." తర్వాత హారను మోత, ఎవరినో తిట్టడం. లైను తెగిపోయింది.

పరిగెత్తాలని చూశాను. మోకాలు రెండు అడుగులు వేసి మొరాయించింది. మలుపులో సైకిళ్ళు, స్కూటర్లు బాగుచేసే అతను కింద కూర్చుని చక్రం విప్పుతున్నాడు. నా మొహం చూశాడు. ఏమైందని అడగలేదు. చక్రం పక్కన పడేసి, ఎవరిదో స్కూటరు, అద్దం కూడా లేనిది, తన్ని స్టార్టు చేసి "ఎక్కండి" అన్నాడు. ఎక్కడికి అని కూడా అడగలేదు. నేను వేలితో చూపించాను. ఆ మనిషికి నా జన్మంతా ఋణపడి ఉన్నా చాలదు.

స్కూటరు మీద కూర్చున్నాను, నా బుర్ర మాత్రం ఆ గదిలో ఉంది. నైట్రోజన్ గొట్టం లావుదే. గది పెద్దది, నిండా పళ్ళ పెట్టెలు, కాబట్టి గాలి ఉండే చోటు తక్కువ. తక్కువ చోటు త్వరగా నిండుతుంది. గొట్టం మూతి ఎక్కడుంది? వెనక గోడకి. సెన్సరు ఎక్కడుంది? వెనక గోడకే, గొట్టం పక్కన. ఈ లెక్కలన్నీ ఒకప్పుడు నేనే కాగితం మీద వేశాను. ఎంతసేపు అన్న లెక్క దగ్గరికి వచ్చి బుర్ర ఆగిపోతోంది. చేతిలో మీటరు వీధిలోని గాలిని చూసి అంతా బాగుందని మినుకుమంటూనే ఉంది.

గేటు దగ్గర లారీకీ గోడకీ మధ్య సందులోంచి దూరాను. "సార్, సంతకం," అన్నాడు రేడియో అలవాటుగా. నా మొహం చూసి ఆ మాట మింగేసి, గేటు వదిలేసి నా వెనకే వచ్చాడు.

గదుల మధ్య నడవా చల్లగా, ఖాళీగా ఉంది. నాలుగో తలుపు మూసి ఉంది. ముందు ఎవరూ లేరు. తలుపు పక్కన రెండు దీపాలు. మనిషి లోపల ఉన్నాడని చెప్పే ఎర్రది వెలుగుతోంది. దాని కింద, నైట్రోజన్ వస్తోందని చెప్పే నీలంది కూడా వెలుగుతోంది. ఆ రెండూ కలిసి వెలగడం నేనెప్పుడూ చూడలేదు. అవి కలిసి వెలగకూడదనే మా ఆవిడ ఆపు రాసింది. పైన గొట్టంలోంచి సన్నగా, పాము బుసలాంటి చప్పుడు. లోపలున్నవాళ్ళకి ఫాను మోతలో అది వినపడదు.

నడవా చివర కిటికీ దగ్గర, ఫోను అందే ఒకే ఒక్క చోట, గడియగారు అటు తిరిగి మాట్లాడుతున్నాడు. "పెద్ద బకెట్ కాదే, మధ్య సైజుది. మూత ఉన్నది. నీలం రంగయినా సరే..."

"గడియా," అని పిలిచాను. ముప్పై ఏళ్ళ పరిచయంలో ఆయన్ని గారు లేకుండా పిలవడం అదే మొదటిసారి. ఆయన తిరిగి, నన్ను చూసి, దీపాలు చూశాడు. ఫోను జేబులో పెట్టడం కూడా మర్చిపోయి పరిగెత్తుకొచ్చాడు.

ముగ్గురం కలిసి తలుపు లాగాం. తలుపు కదలగానే బుస ఆగిపోయింది. నీలం దీపం ఆరిపోయింది. చల్లటి గాలి మా మొహాల మీద కొట్టింది. ఆపిల్ వాసన, ఎంత మంచి వాసనో. నా చేతిలో మీటరు కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఎర్రగా పదమూడు చూపిస్తోంది, మామూలు గాలిలో ఇరవై ఒకటి ఉండాలి. అది గడప దగ్గరి అంకె. వెనక గోడ దగ్గర ఎంతో.

పిట్ట వెనక గోడ దగ్గర బోర్లించిన పెట్టె మీద కూర్చుని ఉంది. చేతిలో స్క్రూడ్రైవరు. మా వైపే చూస్తోంది. నవ్వుతోంది.

"వస్తున్నా," అంది. నాలుక మందంగా తిరిగింది. "ఒక్క స్క్రూ..."

లేవలేదు. నవ్వు మాత్రం అలాగే ఉంది. పెదవులు నేరేడుపళ్ళు తిన్నట్టున్నాయి.

గడియగారు లోపలికి ఉరకబోయాడు. చొక్కా పట్టుకున్నాను.

"వదలండి సార్, పిల్ల."

"వెళ్తే ఇద్దరవుతారు."

"మీ పిల్ల సార్."

"నా పిల్లే. ఆగు. ఫాను పెంచు, బయటి గాలి తిప్పు."

ఆయన గోడ మీద మీట తిప్పాడు. ఫాను హోరెత్తింది. బయటి గాలి లోపలికి వెళుతోంది, కానీ గాలి నడక గాలిది. అది వెనక గోడ దాకా చేరేలోపల ఏమవుతుందో నాకు తెలుసు. గడప మీద నిలబడి, ఒక్క పరుగు తీస్తే చాలు, అందుకోవచ్చు అనిపిస్తుంటే, గడియగారి చొక్కా పట్టుకున్న నా పిడికిలే నన్ను కూడా ఆపింది. నేను ఆయన్ని పట్టుకున్నానో, ఆయన్ని పట్టుకుని నేను నిలబడ్డానో ఇప్పటికీ చెప్పలేను.

పిలిచాను. బడిలో రాయించిన పేరుతో పిలిచాను. అది నా భుజం మీదుగా ఎవరినో చూస్తున్నట్టు చూసింది. "అమ్మాయ్, లే. నడువు," అన్నాను. గడియగారు "తల్లీ, రామ్మా" అన్నాడు. రేడియో వెనక నుంచి ఏదో అన్నాడు. మా ముగ్గురి మాటలూ కలిసి ఫాను హోరులో ఊక అయిపోయాయి. పిట్ట గడ్డం మెల్లగా కిందికి వాలింది. స్క్రూడ్రైవరు చేతిలోంచి జారి నేల మీద టంగుమంది.

"మాట్లాడకండి," అన్నాను వాళ్ళిద్దరితో. ఊపిరి నిండా బయటి గాలి పీల్చుకుని, వాళ్ళమ్మ పిలిచినట్టు పిలిచాను.

"పిట్టా..."

ఆ దీర్ఘం నా గొంతు ఎప్పుడూ తీసింది కాదు. సగంలో బొంగురుపోయింది. అయినా వదల్లేదు. ఊపిరి అయిపోయేదాకా లాగాను. పెట్టెల మధ్య నుంచి, ఆ పొడుగాటి గది చివరి దాకా.

ఏమీ లేదు. మీటరు అరుస్తూనే ఉంది.

తర్వాత, "ఆఁ."

సన్నగా. కానీ చిన్నప్పటిలాగే, చివర సాగదీసి.

"పిట్టా, రా."

లేచింది. పెట్టె మీద చెయ్యి, తర్వాతి పెట్టె మీద చెయ్యి. తాగినవాళ్ళు నడిచినట్టు నడిచింది. నేను పిలుస్తూనే ఉన్నాను. ఊపిరి అందినప్పుడల్లా ఆ ఒక్క పేరే, ఆ దీర్ఘమే. మధ్యలో ఒకసారి ఆగి, దేనికోసం నడుస్తోందో మర్చిపోయినట్టు నిలబడింది. మళ్ళీ పిలిచాను. మళ్ళీ కదిలింది. గడప ఇంకా కాస్త దూరం ఉందనగా మోకాళ్ళు మడతపడ్డాయి. ఊపిరి బిగబట్టి నేనూ గడియగారూ వంగి చెరో చెయ్యీ దొరకబుచ్చుకుని బయటికి ఈడ్చాం.

గిడ్డంగి వెనక పెరట్లో ఎండలో పడుకోబెట్టాం. వాంతి చేసుకుంది. ఏడ్చింది. పెదవుల్లోకి ఎరుపు తిరిగొస్తుంటే చూస్తూ కూర్చున్నాను. మా అందరిలో మొదట మాట వచ్చింది దానికే.

"స్క్రూ ఎక్కడో పడిపోయింది నాన్నా."

పక్క వీధిలోని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ పిట్ట ముక్కుకి ఆక్సిజన్ పెట్టించి, కళ్ళలో లైటు వేసి చూసి, వేళ్ళు లెక్కపెట్టమని, ఇవాళంతా తలనొప్పి ఉంటుందనీ ఒంటరిగా వదలొద్దనీ చెప్పింది. గడియగారు బయట బల్ల మీద కూర్చుని లేవలేదు. పిట్ట బయటికి వచ్చాక దాని మొహం చూడకుండా, కింద గచ్చుని చూస్తూ అన్నాడు.

"నేను తలుపుకున్న అద్దంలోంచి చూస్తూనే ఉన్నానమ్మా. ఫోను మాట్లాడటానికి వెళ్ళేముందు కూడా చూశా. నువ్వు నవ్వుతూ కూర్చున్నావ్. బాగానే ఉన్నావనుకున్నా."

"నేనూ అలాగే అనుకున్నా బాబాయ్," అంది పిట్ట.



ఇంటికి పోదాం అన్నాను. వినలేదు. మిగతా గదుల్లో కూడా అదే పలక ఉంది, ఇంకెవరైనా తాళం తిప్పి లోపలికి వెళితే, అంది. ఆఫీసులో దాని కుర్చీ వెనక నిలబడ్డాను. స్క్రిప్టు తెరిచింది. పొద్దున తీసేసిన అక్షరం ఉండే చోట కర్సరు పెట్టింది. ఏ మీట ఒకసారి నొక్కింది.

అందరం నాలుగో గది ముందుకి వెళ్ళాం. లోపల ఎవరూ లేరని గడియగారు దీపం వేసి రెండుసార్లు చూశాడు. మూడోసారి రేడియోని కూడా చూడమన్నాడు. తలుపు మూశారు. కాసేపటికి నీలం దీపం వెలిగింది, గొట్టం బుసకొట్టింది. పిట్ట తాళంచెవి తిప్పింది. ఎర్రదీపం వెలిగింది.

నీలం దీపం ఆరిపోయింది. బుస ఆగింది. ఆ నిశ్శబ్దాన్ని నలుగురం చాలాసేపు విన్నాం.

"పలికింది," అంది పిట్ట.

ఇంటికి నడిచి వస్తుంటే అది నా చెయ్యి పట్టుకుంది. రోడ్డు దాటడానికి కూడా పట్టుకోని పిల్ల.

"రేపు పెద్దది ఎక్కించొద్దని చెప్పేశాను," అంది. "పిలిచినప్పుడు పలక్కపోతే తన దారిన తాను పోయే ఆ పద్ధతి మార్చి అప్పుడు ఎక్కిస్తా. ఎవరూ పలక్కపోతే గ్యాసు ఆగాలి, గంట మోగాలి, ఊరంతా లేవాలి."

"సరే."

"పేరు మాత్రం అమ్మ రాసినట్టే ఉంటుంది."

సైకిళ్ళ అతను కొట్టు కడుతున్నాడు. పిట్టని చూశాడు, నన్ను చూశాడు, తల ఊపాడు. అంతే. ఇంటికి వస్తే వీధి తలుపు బార్లా తెరిచే ఉంది. ఏమీ పోలేదు. గిన్నె కింద సగం గుడ్డు కూడా ఎక్కడిదక్కడే ఉంది. పిట్ట దాని మీద ఉప్పు చల్లుకుని తింది.

"నేను పిలిచింది వినపడిందా?" అని అడిగాను.

"వినపడింది. అమ్మే అనుకున్నా." కాసేపు నమిలింది. "గొంతెందుకిలా బొంగురుపోయింది, జలుబు చేసిందేమో అనుకున్నా."

నవ్వబోతే నా కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి. అది పళ్ళెం వైపు చూస్తూ ఉండిపోయింది, నేను మొహం తుడుచుకునేదాకా.

పొద్దు పోయేసరికే దానికి కళ్ళు మూతలు పడ్డాయి. దాని గది కిటికీ నేనే తీశాను. మీటరు తెచ్చి తల దగ్గరి అరలో పెట్టాను.

"పళ్ళగదిలో పెట్టాల్సింది నా గదిలో పెట్టావా?"

"ఒక్క రాత్రికి ఉండనీ."

"సరే. తలుపు వేసి వెళ్ళు నాన్నా. హాల్లో లైటు కళ్ళలో పడుతోంది."

గడప మీద నిలబడ్డాను. మామూలు చెక్క తలుపు, వేలితో తోస్తే కదిలేది. నా చెయ్యి దాని మీద ఉంది గానీ కదలడం లేదు. అరలో ఆకుపచ్చ దీపం మినుకుమంటోంది. దుప్పటి లేస్తోంది, దిగుతోంది. అది సరిపోలేదు నాకు.

"పిట్టా," అన్నాను, మెల్లగా, దీర్ఘం మాత్రం వదలకుండా.

"ఆఁ," అంది నిద్రలోంచి.

చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాను.